ఎకరం అమ్మి జేసీబీ కొనవచ్చునా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక గ్రామం. నా వయసు 28. ఐదేళ్లుగా ఒకరి దగ్గర జేసీబీ ఆపరేటర్‌గా చేస్తున్నాను. నెలకు రూ.18,000 జీతం, పైన బత్తా. సొంత బండి కొనుక్కోవాలని కోరిక. హుజూరాబాద్ వైపు ఆరేళ్ల పాతది, 2019 మోడల్ జేసీబీ ఒకటి అమ్మకానికి ఉంది. మీటరు 6,900 గంటలు చూపిస్తోంది, ధర రూ.15.50 లక్షలు చెబుతున్నారు. నా దగ్గర రూ.4 లక్షలు ఉన్నాయి. రూ.10 లక్షలు ఫైనాన్స్ తీసుకొని, మిగతా లక్షన్నరకు అమ్మ బంగారం కుదువ పెడదామనుకుంటున్నాను. నెలకు రూ.35,000 చొప్పున 36 నెలలు కట్టాలని, వడ్డీ తొమ్మిది శాతం లోపేనని ఫైనాన్స్ వారు అంటున్నారు. అప్పు జోలికి పోవద్దు, మూడెకరాల్లో ఒక ఎకరం అమ్మి నగదు పెట్టి కొను అని బాపు అంటున్నాడు. జేసీబీలు ఊరికి నాలుగైనాయి, అదే ఎకరం డబ్బు ముందు కట్టి కొత్త హిటాచీ తీసుకుంటే క్వారీల్లో, కాలువ పనుల్లో నెల కిరాయి వస్తుందని మా మేనమామ పట్టుబడుతున్నాడు. గంటకు రూ.1,200 కిరాయిలో డీజిల్‌కు రూ.500 పోయినా రూ.700 మిగులుతుంది. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 25 రోజులు వేసుకుంటే రూ.1,40,000 అవుతుంది. అందులో కిస్తీ ఎంత? నేను ఏం చేయాలి?

జవాబు: మీ లెక్కలో గుణకారం తప్పలేదు. తప్పిందల్లా రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 25 రోజులు అని మొదట వేసుకున్న అంకెల దగ్గర. ఆ లెక్కన బండి ఏడాదికి 2,400 గంటలు తిరగాలి. మీరు కొనబోయే బండినే సాక్షిగా పిలిచి అడగండి. ఆరేళ్లకు దాని మీటరు 6,900 గంటలు చూపిస్తోందంటే, అది సగటున ఏడాదికి 1,150 గంటలే తిరిగిందన్నమాట. మీటరు నిజం చెబుతుంటే మీ ఆదాయపు అంచనా సగానికి సగం పడిపోతుంది. మీ అంచనాయే నిజమైతే మీటరు అబద్ధం చెబుతోంది. రెండూ ఒకేసారి నిజం కావడానికి వీలు లేదు.

మీటరు నిజమై ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని, అంచనా దగ్గరే మీరు పొరబడ్డారని నేను అనుకుంటాను. మన వైపు మట్టి పని ఎలా నడుస్తుందో ఐదేళ్లు సీట్లో కూర్చున్న మీకు నేను చెప్పనక్కరలేదు. సంక్రాంతి వెళ్లాక పని ఊపందుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వరి కోతలు అయిపోగానే పొలాల చదును, ఒడ్లు సరిచేయడం, చెరువు మట్టి ఎత్తిపోయడం, కొత్త ఇండ్ల బేస్‌మెంట్లలో మొరం నింపడం అన్నీ ఒక్కసారిగా మీద పడి, రోహిణి కార్తె వెళ్లేదాకా ఆపరేటర్‌కు అన్నం తినే తీరిక ఉండదు. మృగశిర చినుకులు పడి దుక్కులు మొదలైన నాటి నుంచి అదే బండి అడ్డా మీద నిలబడుతుంది. ఏడున్నర టన్నుల బండిని తడిసిన నల్లరేగడిలోకి దింపితే తీయడానికి ఇంకో బండి కావాలి. పంట కోసేదాకా పొలంలోకి దారే ఉండదు. దసరా దాకా డ్రైనేజీ కాలువలో, ఊరి లోపల పునాదులో, గాలివానకు పడిన చెట్లో దొరికితే దొరికినట్టు. జీతగాడికి ఆ రోజులు సెలవుల్లాగా గడిచిపోతాయి. యజమానికి మాత్రం ఆ నెలల్లో కూడా కిస్తీ కట్టే ఐదో తారీఖు వస్తూనే ఉంటుంది.

నేను వరంగల్ చుట్టుపక్కల పదకొండేళ్లు సొంత బండి నడిపించి, మోకాళ్లు మొరాయించడంతో మానుకున్నవాణ్ణి. ఆనాటి చిట్టా పుస్తకాలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. మీ ఉత్తరం వచ్చాక వాటిని మళ్లీ తిరగేశాను. 2015, 2016 తప్ప ఏ ఏడూ 1,300 గంటలు దాటలేదు. ఆ రెండూ మిషన్ కాకతీయ సంవత్సరాలు. 2015 మార్చిలో మొదలైన ఆ పథకంలో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను, కుంటలను దశలవారీగా బాగుచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. పూడిక తవ్వి ట్రాక్టర్లలోకి ఎత్తే ఖర్చు ప్రభుత్వం భరిస్తే, దాన్ని పొలానికి తోలుకునే ఖర్చు రైతు పెట్టుకునేవాడు. ఆ రెండు వేసవుల్లో మేము లైట్లు వేసుకొని అర్ధరాత్రి దాకా మట్టి ఎత్తాము. ఆ ఊపు ఎప్పటికీ ఉంటుందనుకొని మా అడ్డాలో కొందరు అప్పు మీద రెండో బండి దింపారు. చెరువు పనులు పలచబడిన తర్వాత ఆ బండ్లలో కొన్ని ఫైనాన్స్ వారి యార్డుకు చేరడం నేను కళ్లారా చూశాను. అందువల్ల ఒక పథకాన్నో, ఒక రోడ్డు పనినో నమ్ముకొని మూడేళ్ల కిస్తీకి సంతకం పెట్టవద్దని ముందుగా చెబుతున్నాను.

ఇప్పుడు ఏడాదికి 1,200 గంటలు వేసుకొని మీ లెక్కనే మళ్లీ చేద్దాం. గంటకు రూ.700 చొప్పున రూ.8,40,000 వస్తుంది. అందులో కిస్తీలకే రూ.4,20,000 పోతుంది. సొంత బండికి జీతమేమిటి అనుకోకండి, ఇప్పుడు మీరు ఇంటికి తెస్తున్న రూ.18,000 రేపటి నుంచి రాదు గనుక, ఏడాదికి రూ.2,16,000 మీ పేరు మీద రాసుకోవాలి. ఇంజను ఆయిలు, హైడ్రాలిక్ ఆయిలు, ఫిల్టర్లు, గ్రీసు కలిపి లక్ష రూపాయలు వేయండి. టైర్లు, పిన్నులు, బుష్‌లు, హోస్ పైపులు, బకెట్ పళ్లు, అప్పుడప్పుడు సీలు కిట్లు కలిపి లక్షా ఇరవై వేలు, బీమా, పన్ను, ఫిట్‌నెస్ కలిపి నలభై వేలు వేయండి. ఇవి ఆరేళ్లు దాటిన బండికి నా పుస్తకాల అనుభవంతో, ఇప్పటి ధరలు చూసుకొని వేస్తున్న అంకెలు. అన్నీ కూడితే రూ.8,96,000 అయింది. వచ్చినదానికంటే పోయినది రూ.56,000 ఎక్కువ. 1,280 గంటలు దాటితే గాని ఆ లోటు పూడదు. ఇందులో హెల్పర్ కూలీ గాని, బంగారం మీద వడ్డీ గాని నేను కలపలేదు.

ఉద్దెర కూడా కలపలేదు. ఊరి పనుల్లో సగానికి పైగా ‘వడ్లు అమ్మినాక ఇస్తా’ అన్న మాట మీదనే నడుస్తాయి. ఇచ్చేవాళ్లే ఎక్కువ, కాదనను. కానీ వచ్చే కిరాయిలో పదో వంతు రాలేదనుకోండి, గంటకు రూ.120 పోయి మీ మిగులు రూ.580కి దిగుతుంది. అప్పుడు లోటు పూడాలంటే ఏడాదికి 1,545 గంటలు తిరగాలి. డీజిలు మాత్రం ఎవరూ ఉద్దెర పొయ్యరు. మీ దగ్గర ఉన్న నాలుగు లక్షలూ బండి ధరకే పోసేస్తే, మొదటి నెలలోనే డీజిల్‌కు చెయ్యి చాచవలసి వస్తుంది. ఎంత మంచి బండి దొరికినా, కొన్న రోజున మీ చేతిలో కనీసం లక్షన్నర మిగిలి ఉండాలి.

ఫైనాన్స్ వారి ‘తొమ్మిది శాతం లోపు’ సంగతి కూడా చూడండి. నెలకు రూ.35,000 చొప్పున 36 నెలలకు మీరు కట్టేది రూ.12,60,000, అంటే వడ్డీ రూ.2,60,000. దాన్ని మూడేళ్లకు, పది లక్షలకు పంచి వారు ఎనిమిదిన్నర పైచిలుకు శాతం అంటున్నారు. కానీ మీరు మొదటి నెల నుంచే అసలు తీరుస్తూ వస్తున్నప్పుడు, తీరిపోయిన అసలు మీద కూడా చివరి నెల దాకా వడ్డీ వేయడమే ఈ ఫ్లాట్ రేటు అనే పద్ధతి. తగ్గుతూ వచ్చే బాకీ మీద లెక్కిస్తే ఇదే అప్పు పదహారు శాతానికి దగ్గరగా తేలుతుంది. బంగారం మీద బ్యాంకు ఇచ్చే అప్పు సాధారణంగా దీనికంటే చవక. కాబట్టి తప్పనిసరై అప్పు చేస్తే బంగారం వైపు కొంచెం ఎక్కువ, ఫైనాన్స్ వైపు తక్కువ ఉండేటట్టు చూసుకోండి.

బాపు చెప్పిన మార్గాన్ని తేలికగా తీసిపారేయలేము. అప్పు లేకపోతే ఇదే 1,200 గంటల మీద, మీ జీతం పోను, ఏడాదికి రూ.3,64,000 మిగులుతుంది. కాగితం మీద ఆయన లెక్క మీ లెక్కకంటే బలంగా ఉంది. అయితే ఆ మిగులు పూర్తిగా లాభం కాదు. ఇప్పుడు పదిహేనున్నర లక్షలు పలికే బండి ఇంకో ఐదారేళ్లకు అందులో సగమైనా పలకదు. మళ్లీ బండి కొనడానికి ఆ మిగులులోంచే దాచుకోవాలి, దాచుకోగలిగిన ఇల్లు నేను ఎక్కువగా చూడలేదు. పెళ్లి, ఆసుపత్రి, ఇంటి స్లాబు, ఏదో ఒకటి దాన్ని తినేస్తుంది. చివరకు ఎకరం పోయి, తుక్కు కొట్టుకు చేరవలసిన బండి మిగులుతుంది. పరకాల దగ్గర ఈ రోజు అమ్మిన ఎకరాన్ని పదేళ్ల తర్వాత అదే డబ్బుతో తిరిగి కొనగలమని బాపు కూడా అనుకోడు. నా మట్టుకు నేను భూమిని ముట్టుకోవద్దనే అంటాను.

మేనమామ గారి హిటాచీ విషయం. మనం హిటాచీ అన్నా, ముందు తరం వాళ్లు పొక్లెయిన్ అన్నా, అవి కంపెనీల పేర్లే. ఒకటి జపాన్‌ది, మరొకటి ఫ్రాన్స్‌ది, యంత్రం పేరు ఎక్స్‌కవేటర్. అట్లాగే జేసీబీ అన్నది 1945లో ఇంగ్లండులో కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ పేరులోని పొడి అక్షరాలు. అది మన దేశంలో 1979లో, హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో, మొదలైంది. ముందు పెద్ద బకెట్, వెనక తవ్వే బకెట్ ఉండే ఈ బండి అసలు పేరు బ్యాక్‌హో లోడర్. పేరుతో పనేముంది అనకండి, ఆర్‌సీలో, బీమా పత్రంలో ఈ పేర్లే ఉంటాయి, అవి సరిపోలకపోతే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది.

ఇరవై టన్నుల ఎక్స్‌కవేటర్ బకెట్‌లో ఒక ఘనపు మీటరుకు అటూ ఇటుగా మట్టి పడుతుంది. జేసీబీ వెనక బకెట్‌లో పడేది దాదాపు అందులో నాలుగో వంతు. జేసీబీ నాలుగున్నర మీటర్లు దాటి తవ్వి ఆగిపోయే చోట అది ఆరు మీటర్లకు పైగా దిగుతుంది, నిలబడిన చోటనే చుట్టూ తిరిగి టిప్పర్ నింపుతుంది. శక్తి విషయంలో రెంటికీ పోలికే లేదు. అయితే అది చైన్ల మీద నడిచే యంత్రం. రోడ్డు మీద సొంతంగా వెళ్లలేదు, ట్రెయిలర్ మీద ఎక్కించుకొని పోవాలి. రైతు పిలిచిన రెండు గంటల పనికి ట్రెయిలర్ కిరాయి పెట్టుకొని ఎవరు పోతారు? కాబట్టి అది క్వారీలోనో, భూపాలపల్లి వైపు ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల మట్టి పనిలోనో, కాలువ పనిలోనో నెలల తరబడి ఒకే కాంట్రాక్టరు దగ్గర ఉండాలి. ఆ కాంట్రాక్టరుకు పైనుంచి బిల్లు రాకపోతే మీకు రాదు. నడిచిన గంటలకు ఆయన సూపర్‌వైజర్ రాసిన అంకే అంకె. డీజిలు జేసీబీకి రెండింతలకు మించి తాగుతుంది. చైను, రోలర్లు, స్ప్రాకెట్లు అరిగిన నాడు వచ్చే ఖర్చు ఒక పాత కారు ధరంత ఉంటుంది. ఊళ్లో యాభై మంది రైతుల దగ్గర కొంచెం కొంచెం బాకీ ఉండటం వేరు, ఒక్కడి దగ్గర నాలుగు నెలల కిరాయి ఇరుక్కుపోవడం వేరు. పైగా ఆ యంత్రం మీద మీ చేయి ఇంకా పడలేదు. ఈ ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఇక హుజూరాబాద్ బండి. చూడటానికి తప్పకుండా వెళ్లండి. కొనకపోయినా ఒక బండిని కొనేవాడి కళ్లతో చూడటం మీకు ఇప్పుడు అవసరం. నేను నా రెండో బండిని ఒక పాత బండ్ల వ్యాపారి దగ్గర 4,200 గంటల మీటరు చూసి కొన్నాను. కొత్త పెయింటు, కొత్త సీటు కవరు, కొత్త పెడల్ రబ్బర్లు. వాటిని చూసి ముచ్చటపడ్డానే గాని, నాలుగు వేల గంటలకే పెడల్ రబ్బర్లు ఎందుకు మార్చవలసి వచ్చిందని అడగలేదు. మూడు నెలలకు హైడ్రాలిక్ పంపు కూర్చుంది. విప్పిన మెకానిక్ లోపలి భాగాలు చేతిలో పెట్టి, ఇది పది వేల గంటలు దాటిన పంపు అని చెప్పాడు. పాతది పాతగా కనిపిస్తే భయపడనక్కరలేదు. పాతది కొత్తగా కనిపిస్తే కారణం అడగాలి.

మీటరు సంగతి తేల్చుకోవడానికి బండి మీద పలక చూసి సీరియల్ నంబరు రాసుకొని, కంపెనీ డీలరు సర్వీసు సెంటర్‌లో పాత సర్వీసు వివరాలు అడగండి. ఏ తేదీన ఎన్ని గంటలకు సర్వీసు అయిందో అక్కడ ఉంటుంది. బండికి లైవ్‌లింక్ (బండి వివరాలను కంపెనీకి పంపే పరికరం) బిగించి ఉంటే తిరిగిన గంటలు కంపెనీ దగ్గర విడిగా నమోదవుతాయి. సర్వీసు వివరాలు ఇప్పించడానికి యజమాని జంకితే మీకు కావలసిన జవాబు అక్కడే దొరికినట్టు.

హైడ్రాలిక్స్‌ను పరీక్షించడానికి ఒక సుద్దముక్క చాలు. వెనక బకెట్ నిండా మట్టి తీసి, బూమును (బకెట్‌ను మోసే పెద్ద చేతిని) నడి ఎత్తులో ఆపి, ఇంజను ఆపించండి. బూము సిలిండర్ నుంచి బయటికి వచ్చిన మెరిసే రాడ్డు మీద, సీలుకు ఆనుకొని సన్నగా ఒక గీత గీయండి. ఎవరినీ బకెట్ కిందికి పోనివ్వకుండా పది నిమిషాలు ఆగండి. గీత వెంట్రుక వాసి కదిలితే ఆరేళ్ల బండికి అది సహజమే. బూము కళ్లకు కనిపించేటట్టు జారుతుంటే పిస్టన్ సీలు అరిగింది, లేదా వాల్వు లోపల ఆయిలు కారుతోంది. సీలు అయితే వేలల్లో పోతుంది, వాల్వు బ్లాకు అయితే ఆ పద్దు వేరు. అదే విధంగా వెనక కాళ్లు దించి చక్రాలు నేల వదిలేలా బండిని లేపించి, ఇంజను ఆపి, యజమానితో చాయ్ తాగి రండి. తిరిగి వచ్చేసరికి చక్రం నేలకు తగిలి ఉంటే ఆ కాళ్ల సిలిండర్లు పట్టు వదిలేశాయని అర్థం.

రాడ్డు మీద వేలి గోరు అడ్డంగా నడిపించి చూడండి, గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ గీత ఎన్ని కొత్త సీళ్లనైనా తింటుంది. తర్వాత వెనక బూమును ఒక కొస నుంచి మరో కొసకు తిప్పించి, మధ్యలో ఠక్కున ఆపమనండి. కింగ్‌పోస్టు (బూము పక్కలకు తిరిగే కీలు) పిన్నులు అరిగి ఉంటే బూము ఆగిన తర్వాత కూడా కొస ఊగుతుంది, ‘టక్’ మన్న చప్పుడు మీ పాదాలకు తెలుస్తుంది. బూము మొదట్లోనూ, డిప్పర్ (బూముకు, బకెట్‌కు మధ్య చేయి) కీలు దగ్గరా వెల్డింగు గడ్డలు వెతకండి. ఒక అతుకు ఉంటే ధర తగ్గించమని అడగవచ్చు. అతుకు మీద అతుకు ఉంటే ఆ బండి బండరాయి మీద బతికింది, మీకు వద్దు. హైడ్రాలిక్ ఆయిలు పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత వదులు చేసినప్పుడు పొగ గుప్పున కొడితే రింగులు, బోరు అరిగినట్టు. ముందు బకెట్ నిండా మొరంతో అన్ని గేర్లలో ముందుకూ వెనక్కూ నడిపించండి. వెనక టైర్లు 16.9–28 సైజువి, జత మార్చవలసి వస్తే గట్టి ఖర్చే గనుక పట్టీల లోతు కూడా చూడండి.

ఈ బండికి ఒక మేలు ఉంది. చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు కొత్త కాలుష్య ప్రమాణాలు 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. దాని తర్వాతి ఇంజన్లలో ఎలక్ట్రానిక్స్ పెరిగాయి, చాలా లోపాలకు కంపెనీ మనిషి కంప్యూటర్ తీసుకొని రావలసిందే. 2019 బండి ఆ గీతకు ఇవతలిది. డీజిల్ పంపు మొరాయిస్తే వరంగల్‌లోనే చూసే మెకానిక్కులు దొరుకుతారు.

కాగితాల గురించి క్లుప్తంగా చెబుతాను. ఛాసిస్, ఇంజను నంబర్లు ఆర్‌సీతో సరిపోవాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే, బాకీ లేదన్న పత్రమూ, ఆర్‌సీలోంచి ఆ పేరు తీయించే ఫారం 35 మీద సంతకమూ చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. పేరు మార్పుకు కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకొని, రాష్ట్రంలోనే గనుక 14 రోజుల లోపల పేరు మార్పు పని కదిలించండి. పాత యజమాని పేరు మీద బండి నడుస్తుండగా ప్రమాదం జరిగితే ఇద్దరూ కోర్టు మెట్లు ఎక్కుతారు.

సొంత బండి వచ్చిన వారం రోజులకే మీకు రాత్రి పూట ఫోన్లు వస్తాయి. వాగులో ఇసుక, గుట్ట పక్కన మొరం, గంటకు రెండింతల కిరాయి, నగదు చేతికి. అనుమతి లేని తవ్వకానికి వాడిన యంత్రాన్ని స్వాధీనం చేసుకునే అధికారాన్ని 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం 21వ సెక్షన్ ఇస్తుంది. తవ్వించినవాడు తెల్లవారేసరికి కనిపించడు, బండి మాత్రం పోలీస్ స్టేషన్ ఆవరణలో నిలబడుతుంది, దాని కిస్తీ మాత్రం నిలబడదు. పని చెప్పినవారు అనుమతి పత్రం చూపించకపోతే పోవద్దు. మీరు కొనే బండి మీద ఇట్లాంటి పాత కేసు ఏదైనా ఉన్నదేమో కూడా అక్కడి స్టేషన్‌లో ఆరా తీయండి.

కరెంటు తీగల విషయం మీకు తెలుసు, అయినా యజమాని హోదాలో మళ్లీ వినండి. 11 కేవీ లైను కింద పని అంటే లైన్‌మన్‌ను పిలిచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించడం) తీసుకోకుండా బూము ఎత్తవద్దు. రోడ్డు పక్కన కందకం అంటే కింద ఫైబర్ కేబుల్ ఉండే అవకాశం ఎక్కువ. తెగితే నష్టపరిహారం బండి యజమానినే అడుగుతారు. తవ్వించేవారిని ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌లో ముందుగా తెలియజేయమనండి, 2023 మార్చి నుంచి ఆ సదుపాయం ఉంది. ఒకటిన్నర మీటరు లోతు దాటిన కందకంలోకి, అందులోనూ వాన తర్వాత నల్లరేగడిలో, దన్ను పెట్టకుండా కూలీలను దిగనివ్వకండి. మేస్త్రి తొందరపెడితే బండి ఆపి కూర్చోండి.

మరి ఏం చేయాలంటారా? వెంటనే కొనవద్దు, ఆశ వదులుకోనూ వద్దు. మీరు ఐదేళ్లుగా నడుపుతున్న బండి యజమానిని అడిగి, సంక్రాంతి నుంచి జూన్ మొదటి వారం దాకా ఒక్క సీజనుకు అదే బండిని లీజుకు తీసుకోండి. మీటరు గంటకు ఇంత అని ఆయనకు, డీజిలు, గ్రీసు, చిన్న మరమ్మతులు మీకు, ఇంజను, పంపు, గేర్‌బాక్సు వంటి పెద్ద ఖర్చులు ఆయనకు అని తెల్ల కాగితం మీద రాసుకొని ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఐదేళ్లు నమ్మకంగా చేసిన ఆపరేటర్‌ను వదులుకోవడం ఇష్టం లేని యజమాని ఈ మాత్రానికి ఒప్పుకుంటాడనే నా నమ్మకం. ఒప్పుకోకపోతే మీ నాలుగు లక్షలు మీ దగ్గరే ఉన్నాయి, ఇంకొకరిని అడగండి.

ఆ ఐదు నెలలూ ఒక నోటు పుస్తకంలో మూడు వరుసలు రాయండి: మీటరు తిరిగిన గంటలు, కిరాయికి ఒప్పుకున్న గంటలు, డబ్బు చేతికి వచ్చిన గంటలు. మొదటి వరుసకూ రెండో వరుసకూ తేడా ఎందుకు వస్తుందో మీకు తెలుసు: ఊరికి పోయి వచ్చిన దూరం, ట్రాక్టరు కోసం ఎదురుచూసిన సమయం, సర్పంచ్ గారి ఇంటి ముందు ఊరికే ఎత్తిన రెండు బకెట్లు. రెండో వరుసకూ మూడో వరుసకూ తేడా ఎంత ఉంటుందో మాత్రం ఇప్పటిదాకా మీ యజమానికే తెలుసు, మీకు తెలియదు. మీరు సొంతంగా బండి పెట్టగలరా లేదా అన్నది ఆ తేడాయే చెబుతుంది. ఆ ఐదు నెలల్లో మూడో వరుస 800 గంటలు దాటితే, వానకాలంలో మరో నాలుగు వందలు ఎక్కడ దొరుకుతాయో వెతుక్కుంటూ దసరా తర్వాత బండి కొనండి. అప్పటికి మీ సొమ్ము ఐదారు లక్షలు అవుతుంది, చేయవలసిన అప్పు ఆ మేరకు తగ్గుతుంది, వానకాలం బండ్లు నిలబడి ఉన్న తర్వాత అమ్మేవాళ్లు కూడా కొంచెం దిగి వస్తారు. 600 దగ్గరే ఆగిపోతే ఆ ఏడు ఉద్యోగంలోనే ఉండండి.

హుజూరాబాద్ వెళ్లే ముందు రోజు సాయంత్రం ఆ యజమానికి ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని చెప్పండి. పొద్దున మొదటి బస్సుకే బయలుదేరండి. రాత్రంతా చల్లారిన ఇంజను మీ ఎదుట ఎన్ని తిప్పులకు అందుకుంటుందో, మొదటి నిమిషంలో ఎట్లాంటి పొగ వదులుతుందో, ఆ పొగ ఎంతసేపటికి తేలిపడుతుందో చూడాలి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు కాలుతోంది. మీరు చేరేసరికి బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే, ధర మాట ఎత్తకుండా, ఇంకో రోజు వస్తానని చెప్పి తిరిగి బస్సెక్కండి.